జెండా కింద జోలపాట

నాంపల్లి స్టేషన్ దగ్గరి గల్లీలో బ్యాండు గట్టయ్యను ఎరగనివాళ్ళు లేరు. ఎవరైనా ఉన్నారంటే వాళ్ళింట్లో ఇంకా పెళ్ళి కాలేదన్నమాట! ఎర్ర కోటు, ఇత్తడి గుండీలు, చేతిలో నల్లటి క్లారినెట్. ఏ పాటైనా ఒక్కసారి చెవిన పడితే చాలు, ఆ వేళ్ళు పట్టేసుకునేవి. కాగితం చూసి వాయించేవాళ్ళంటే అతనికి కాస్త వెటకారం కూడా.

ఇంత మొనగాడూ జాతీయ గీతం మాత్రం వాయించడు. ఎందుకో గల్లీ అంతటికీ తెలుసు, అతని ముందు ఎవరూ అనరు. నిజాం రోజుల్లో ఇరవై ఏళ్ళు ప్రతి జల్సాలోనూ ఆ సర్కారు గీతం వాయించిన మనిషి. ఆ సర్కారు పోయింది, హైదరాబాద్ ఇండియాలో కలిసింది. 1950లో మొట్టమొదటి రిపబ్లిక్ డే నాడు బస్తీ పెద్దలు జెండా ఎక్కించి, "కానియ్యి గట్టయ్యా" అన్నారు. కొత్త గీతం రెండు లైన్లు బంగారంలా వాయించాడు. మూడో లైనుకు వేళ్ళు వాటంతట అవే పాత గీతంలోకి జారిపోయాయి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు కదా, ఇరవై ఏళ్ళ అలవాటు అంతకు తక్కువేం కాదు. "వీనికింక నవాబు నౌకరీ యాదికొస్తుంది!" అని ఎవడో అరిచాడు. అందరూ గొల్లుమన్నారు.

పాపం, ఆనాటి నుంచి గట్టయ్యకు కంటినిండా నిద్ర లేదు. సినిమా ఆఖర్న జాతీయ గీతం వేస్తారని, కథ ముగియకముందే పెళ్ళాం పోశవ్వను రెక్కపట్టి బయటికి లాక్కొచ్చేవాడు. "పెండ్లయి ముప్పయ్యేండ్లాయె, గా జెండా దినం సంది ఒక్క సినిమల సుత ఆఖరికేమైందో నాకెరుకలేదు" అని ఆమె గల్లీలో కనిపించినవాళ్ళందరికీ చెప్పుకునేది.

1963 నవంబరులో రామచంద్రమూర్తి గట్టయ్య ఇంటికి ఒక నల్లజాతి కుర్రవాణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. మూర్తి 1956లో రాష్ట్రం ఏర్పడ్డాక గుంటూరు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన లెక్చరర్. కూతురి పెళ్ళికి గట్టయ్య బ్యాండే పెట్టించాడు. కుర్రవాడి పేరు కొమోరా, కెన్యా నుంచి వచ్చి అతని దగ్గర చదువుకుంటున్నాడు.

కొమోరా వచ్చీరాని ఉర్దూలో తన దేశం కథ చెప్పాడు. ఇంగ్లీషువాళ్ళు భూములు లాక్కున్నారు. కొందరు అడవులు పట్టి పోరాడారు, వేలమందిని ముళ్ళకంచెల వెనక పెట్టారు. చివరికి మొన్న మేలో జనం ఓట్లేశారు, జూన్‌లో సొంత మంత్రులు వచ్చారు, డిసెంబరు పన్నెండున ఇంగ్లీషు జెండా దిగిపోతుంది.

"ఇక్కడ మేం ఆరుగురం ఉన్నాం తాతా. ఆబిడ్స్‌లో ఒక హాలు దొరికింది. మా జెండా ఎక్కిస్తాం. గీతం వాయించేవాళ్ళే లేరు."

"నాతోని కాదు బిడ్డా. ఇంకెవర్నన్న సూసుకో," అన్నాడు గట్టయ్య, ముఖం తిప్పుకుని.

"మన గడ్డ మీద జరిగే సభ. మన గీతం కూడా వాయించాలండోయ్," అన్నాడు మూర్తి, పుండు మీద కారం చల్లుతున్నానని తెలియక.

గట్టయ్య ఇక దాచలేకపోయాడు. 1950 నాటి సంగతి చెప్పేశాడు. కొమోరా నవ్వలేదు. "సర్కారు ఒక్కరోజులో మారుతుంది. చేతులెలా మారతాయి తాతా? రేపు మా ఊళ్ళో బంట్రోతులు కూడా పాత దొరల కుర్చీలకే సలాం కొడతారేమో," అన్నాడు.

ఆ తర్వాత గడప మీద కూర్చుని తన గీతం హమ్ చేశాడు. వాళ్ళ నది ఒడ్డున తల్లులు పాడే జోలపాటట. ఆ వరసకే కొత్త మాటలు కట్టి దేశ గీతం చేశారని అన్న ఉత్తరం రాశాడట. పొద్దుట్నుంచీ రాగం తీస్తున్న మనవరాలు ఊయలలో గప్‌చిప్ అయింది.

"ఓయమ్మ! గీ పోరి పండుకున్నది. ఓ బిడ్డా, జర మల్లొక్కసారి పాడు, నేను నేర్చుకుంట," అంది పోశవ్వ.

గట్టయ్య వేళ్ళు అప్పటికే మోకాలి మీద ఆడుతున్నాయి. అవి అతన్ని అడిగితేగా!

రిహార్సలులో మూర్తి ఊరుకోలేదు. "జాతీయ గీతమంటే కదం తొక్కినట్టుండాలయ్యా, ఉయ్యాల ఊపినట్టు కాదు!" సరేనని గట్టయ్య జోరు పెంచి సాధన చేశాడు. ఇంట్లో మాత్రం పోశవ్వ పొద్దస్తమానం అదే పాట మెల్లగా, తీరిగ్గా మనవరాలికి పాడుతూనే ఉంది.

డిసెంబరు పన్నెండు పొద్దున్నే హాల్లో ఆరుగురు కుర్రాళ్ళూ నిటారుగా నిలబడ్డారు. జెండా పైకి లేచింది. గట్టయ్య క్లారినెట్ ఎత్తాడు. నాలుగు స్వరాలు జోరుగా నడిచాయి. అంతే, వేళ్ళు మళ్ళీ జారాయి. కవాతు పోయి ఊయల వచ్చింది. మల్లా గదే! మల్లా అందరి ముందర్నే! ఆపేద్దామని గట్టయ్య తలెత్తి చూశాడు. కొమోరా పాడుతున్నాడు, బుగ్గల మీద నీళ్ళు కారిపోతున్నాయి. ఒకరి తర్వాత ఒకరు మిగతావాళ్ళూ గొంతు కలిపారు. గట్టయ్య ఆపలేదు.

పాట అయ్యాక దగ్గరికెళ్ళి, "తప్పైంది బిడ్డా. చేతులు మల్ల మోసం చేసినయి," అన్నాడు.

"మా అమ్మ ఇలాగే పాడుతుంది తాతా," అని కొమోరా ఆ రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు.

మూర్తి కూడా కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. "ఇప్పుడు మనది, గట్టయ్యా," అన్నాడు మెల్లగా.

పోశవ్వ హాలు తలుపు దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. గట్టయ్య మళ్ళీ క్లారినెట్ ఎత్తాడు. మొదటి లైను, రెండో లైను. మూడో లైను వచ్చింది. ఎవరూ గొల్లుమనలేదు. ఎక్కడా జారకుండా చివరి స్వరం దాకా వచ్చి, గట్టయ్య క్లారినెట్ దించి స్టూలు మీద కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు.

ఆ తర్వాత పదేళ్ళు బతికాడు. బస్తీ బళ్ళో జెండా పండుగంటే గట్టయ్య ఉండాల్సిందే. పోశవ్వ సినిమాలు ఆఖరిదాకా చూసింది, సగం బాగాలేవని తేల్చింది.

కానీ ఆబిడ్స్ సభ జరిగిన రోజు సంగతి చెప్పి తీరాలి. మిట్టమధ్యాహ్నం బ్యాండులోని డోలు వెంకటేశం పరుగున వచ్చాడు. బేగం బజార్‌లో పెళ్ళి బరాతు, టైమవుతోంది. గట్టయ్య ఎర్ర కోటుతో, బూట్లతో సహా మంచం మీద గుర్రుపెడుతున్నాడు. పోశవ్వ గుమ్మానికి చేయి అడ్డం పెట్టింది.

"లేపకురి. లచ్చుమనసామి లెక్క పద్నాలుగేండ్లకు పండుకున్నడు."