రోగం పేరు పలికించిన మహబూబ్‌బీ

మహబూబ్‌బీ అక్క ఇక లేదన్న వార్తను ఆమె తమ్ముడు రహీం గద్వాల నుంచి ఫోన్‌లో చెప్పినప్పుడు, నేను నా బట్టల దుకాణంలో గిరాకీకి ఏదో కోతలు కోస్తున్నాను. కోత సగంలోనే వదిలి షట్టరు దించాను. నాగర్‌కర్నూల్‌లో నా నోరు మూతపడ్డదంటే ఎవరూ నమ్మరు. ఆమె వెళ్లిపోతుందని నాకు ముందే తెలుసు. ఆమెకే తెలియనివ్వలేదు. ఈ నాలుగు మాటలు కేవలం దుఃఖంతో రాస్తున్నవి కావు.

ఆమె వృత్తి దర్జీ పని, ప్రవృత్తి పరోపకారం అని రాస్తే అక్క లేచొచ్చి నన్ను తిడుతుంది. అందుకే చేసిన పనే చెబుతాను. బస్టాండు పక్క సందులో, నా దుకాణాన్ని ఆనుకొని ఆమె కుట్టుమిషన్ ఉండేది. క్యాన్సర్‌తో రొమ్ము తీసేసిన స్త్రీలకు ఆమె ప్రత్యేకంగా జాకెట్లు కుట్టేది. లోపలివైపు ఒక జేబు, అందులో దూది నింపిన మెత్త, మెత్తలో బరువు కోసం ఆవాల పొట్లం. అది అమరితే జాకెట్టు ఒకవైపు పైకి లేవదు, మనిషి కొంగు చాటున ముడుచుకోదు. ఆమె కన్నతల్లి ఆ ఆపరేషన్ తరువాత సిగ్గుతో గడప దాటకుండానే కాలం చేసింది. ఆ వేదనే అక్క చేత ఈ విద్య పుట్టించింది.

అక్కది ఒక్కటే షరతు. ఆ స్త్రీల మొగుళ్లు చాటుగా అక్క దగ్గరికి వచ్చేవారు. "బీబమ్మా, మా ఇంటామెకు ఉత్త గడ్డ అని చెప్పినం. నువ్వు గూడ గట్లనే అను" అని బతిమాలేవారు.

"కోసింది ఆమె ఒళ్లు. రోగం పేరు నీ జేబుల దాచుకుంటవా అన్నా? ఆమెను తోల్కరా. ఆమె నోటితోని చెప్తేనే టేపు తీస్త" అనేది అక్క.

కొందరు కోపంతో వెళ్లిపోయేవారు. మరునాడు భార్యకు నిజం చెప్పి వెంట తీసుకొచ్చేవారు. కొలతల కోసం కట్టిన తెర వెనుక ఆ రోగం పేరు తొలిసారి పలికి ఎందరో తల్లులు భోరున ఏడ్చారు. ఏడ్చాక డాక్టరును ఏమేం అడగాలో అక్కతో కూర్చొని మాట్లాడుకునేవారు.

నన్ను ఈ పనిలోకి లాగిందీ ఆమెనే. "తమ్మీ, నీ కోతలతోని గిరాకీ పరేషాన్ అయితుంది. దవాఖానకు రా, ఆడ పనికొస్తయి." అలా కీమోకు హైదరాబాద్ వెళ్లేవారి వెంట బస్సెక్కాను. రాజోలి దగ్గర తుంగభద్రలో ఒక మొసలి కిరాయి సైకిలు మింగిందనీ, తేన్పు వచ్చినప్పుడల్లా దాని కడుపులో గంట మోగేదనీ చెప్పాను. వాంతులతో సొమ్మసిల్లిన ఒక పెద్దమ్మ కళ్లు తెరిచి, "కిరాయి ఎవడు కట్టిండు బిడ్డా?" అని అడిగింది. వార్డంతా నవ్వింది. బయటికొచ్చాక అక్క వేలు చూపించింది. "మొసలి మీద ఎంతన్న అబద్ధమాడు. రోగం మీద ఆడితివా, నా మిషన్ సూది నీ నాలుకకు గుచ్చుత."

ఆ మాట తప్పలేదు, ఆమెకే రోగం వచ్చేదాకా.

కడుపులో క్యాన్సర్, ముదిరిపోయిందని డాక్టరు రహీంకూ నాకూ చెప్పాడు. రహీం నా చేతులు పట్టుకొని ఏడ్చాడు. "అన్నా, అక్కకు చెప్తే గుండె పగుల్తది. ఉత్త పుండని నువ్వు చెప్తేనే నమ్ముతది."

చెప్పాను. "ఉత్త పుండు అక్కా, మందులు మింగితే మానుతది."

"నిజమా తమ్మీ?"

"నీ మీద ఒట్టు."

వెంటనే నమ్మింది. రోగం విషయంలో నేను అబద్ధమాడనన్న నమ్మకం ఆమెది. ఆ నమ్మకాన్నే ఆసరా చేసుకొని ఆమెను మోసగించాను.

అప్పటికే మన్ననూర్ నుంచి ఈరమ్మ వస్తూపోతూ ఉండేది. అడవిలో కూలిపని చేసుకొనే చెంచు మనిషి, రొమ్ము ఆపరేషన్ అయిన మనిషి. ఈ కుట్టు నేర్చుకుంటానని అడిగేది. "తగ్గినంక నేర్పుత, జర ఆగు పిల్లా" అనేది అక్క. తగ్గదని తెలిసి ఉంటే ఆ పూటే కూర్చోబెట్టేది. ఆమె అడగడానికీ అక్క ఆగమనడానికీ మధ్య నేను గుమ్మంలో నిలబడి పళ్లికిలించాను.

చివరికి గద్వాలలో, తమ్ముడి ఇంట్లో, అక్క నొప్పికి సూది వేయడానికి వచ్చిన నర్సమ్మను సూటిగా అడిగి తెలుసుకుంది. నాకు ఫోన్ చేసి తిట్టలేదు. "ఈరమ్మను జల్దీ తోల్కరా" అన్నది. ఈరమ్మతో వెళ్లేసరికి అక్క చేతుల్లో కత్తెర ఆగడం లేదు. మెత్త ఎక్కడ పెట్టాలో, ఆవాలు ఏపాటి పోయాలో చెప్పబోయి మందు మత్తులో మధ్యలోనే కన్ను మూతపడేది. ఒక్కసారి తేరుకొని నావైపు చూసింది. "మొసలితోని సైకిలు మింగించినవు. నాతోని నిజం మింగించలేకపోతివా తమ్మీ?"

ఆ విద్య సగమే ఈరమ్మకు దక్కింది. ఇప్పుడు అక్క మిషన్ మీద ఆమె కుట్టిన మెత్త జారిపోతున్నది. విప్పి మళ్లీ కుడుతున్నది.

నిన్న వనపర్తి నుంచి ఒకామె కొంగు నిండా కప్పుకొని వచ్చింది. "బీబమ్మ ఎప్పుడొస్తది?"

"లేదు తల్లీ. క్యాన్సర్‌తోని పోయింది."

కొంగు ఇంకా బిగించుకొని అడిగింది. "ఆమెకు తెల్సా?"

"ఆఖరుకు తెల్సింది."

"ముందుగాల ఎవ్వలు చెప్పలేదా?"

"లేదు. నేనే ఉత్త పుండని నమ్మించిన."

ఆమె ఈరమ్మకు కొలత ఇవ్వకుండానే బస్టాండు దిక్కు నడిచింది. అక్కా, నీకు చేతులెత్తి మొక్కుతున్నాను. ఆమెను వెనక్కి పిలవడానికి నువ్వు లేవు. పిలిచే అర్హత నాకు లేదు.