గుంత తవ్వనిచ్చే ఇల్లు

బాడుగకు ఇల్లు వెతికేవాళ్ళు నీళ్ళు వస్తాయా అని అడుగుతారు, గాలి ఆడుతుందా అని కిటికీలు చూస్తారు. నేను నేల చూసేదాన్ని. గడప దాటగానే చెప్పులు విడిచి మడమతో నేలను తట్టేదాన్ని. బండలు పరిచి ఉంటే ఒక చప్పుడు, సిమెంటు అయితే ఇంకో చప్పుడు. వట్టి మన్ను అయితే చప్పుడే ఉండదు. చప్పుడు లేని ఇల్లే నాకు కావాలి. ఇంటివాళ్ళు నా కాలు చూసి, నా ముఖం చూసి, ఆ తరువాత నా వెనక తల దించుకుని నిలబడిన మా అమ్మాయిని చూసేవాళ్ళు.

మాది ధర్మవరం. పట్టుచీరలు నేసే ఇల్లు. మాది గుంత మగ్గం. ఇంట్లోనే తొడ లోతు గుంత తవ్వి, దాని అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వేలాడేసి, అడుగున ఉన్న చెక్కలు తొక్కుతూ నేస్తాం. మా ఆయన పోయాక ఆ గుంతలో నేను కూర్చున్నాను. పెద్దంచు చీరకు ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు నేస్తుంటే ఇంకొకరు పక్కన కూర్చుని అంచు వైపు నాడె విసరాలి. దారం కండె పెట్టి అటూ ఇటూ తోసే చెక్కనే నాడె అంటాం. మా అమ్మాయి బడికి పోకముందు, వచ్చినాక ఆ నాడె విసిరేది. అట్లా విసురుతూనే బి.యస్సీ. పూర్తి చేసింది.

తొంభైలు అయిపోతున్న రోజుల్లో ఆమెకు హిందూపురంలో యూనివర్సిటీ వాళ్ళు పెట్టిన పీజీ కాలేజీలో సీటు వచ్చింది. ఆడపిల్లలకు అక్కడ ఇంకా హాస్టలు లేదు. రోజూ ధర్మవరం నుంచి పాసింజరులో పోయేది. ఆ బండిని పెనుకొండలో పక్క లైనులో పెట్టేసి ఎక్స్‌ప్రెస్సులను పంపేవాళ్ళు. ఒక ఎక్స్‌ప్రెస్సు పోయిందంటే ఇంకొకటి వస్తోందనేవాళ్ళు. ఈమె కాలేజీ గేటు దగ్గరికి చేరేసరికి మొదటి గంట కొట్టి ఎంతోసేపై ఉండేది. ల్యాబు ఆ మొదటి గంటలోనే. వరసగా ల్యాబు పోతుంటే మాస్టరు పిలిచి చెప్పాడట, ఇట్లాగే పోతే పరీక్షకు కూర్చోనివ్వరని. కాలేజీ పక్కన ఎక్కడైనా ఉండు, లేదంటే మానుకో అన్నాడట.

ఆ మాట ఇంట్లో చెప్పిన రోజు పక్కింట్లో ఉండే మా మరిది వచ్చి గడప మీద కూర్చున్నాడు.

"ఇంగ చాల్లే వదినా. బి.యస్సీ. అయ్యిండాది గదా. పిల్లను రైల్లో పెట్టి తిప్పుతాండావు, చదువుకునేది రైలా, పిల్లా?"

"నువ్వు తొమ్మిది తప్పినోనివి. నీకేం తెలుసబ్బా చదువు సంగతి?"

"నువ్వు ఒక్క క్లాసూ పాస్ కాలేదు గదా!"

"తప్పలేదు గూడా."

ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. నేను అక్షరాలు నేర్చుకున్నది ఈ పిల్ల మూడో తరగతిలో ఉన్నప్పుడు, రాత్రిబడిలో. నా వేళ్ళు దారం ముడి వేసినంత సులువుగా 'క్ష' రాసేవి కావు. ఆ పిల్ల నా పలక చూసి "మా, నీ క్ష కూచోని నేస్తాండాది" అనేది. ఇప్పుడు ఆమెను ఆపి మగ్గం పక్కన కూర్చోబెట్టమంటున్నారు. ఒక్కదాన్నే హిందూపురంలో రూములో పెడితే నా చీర ఆగుతుంది, చీర ఆగితే ఇద్దరికీ తిండి లేదు. నాకు ఆ పిల్ల కావాలి, ఆ పిల్లకు కాలేజీ కావాలి. అందుకని మగ్గం కూడా మాతో రావాలి. మగ్గం వస్తే గుంత కావాలి. బాడుగ ఇంట్లో నేల తవ్వనిచ్చేవాళ్ళు ఎవరు?

మొదట పెనుకొండలో చూశాం. అక్కడి నుంచి హిందూపురానికి బస్సులు ఎక్కువ, రైలుతో పని ఉండదని ఎవరో చెప్పారు. పాత ఊళ్ళో ఒక ఇల్లు. మందపాటి మట్టిగోడలు, నేలంతా ఎర్రమన్ను అలికి ఉంది. మడమతో తట్టాను, చప్పుడు లేదు. నా కాళ్ళకు ప్రాణం లేచొచ్చింది. ఇంటాయన పెద్దమనిషి, మెడలో తువ్వాలు.

"ఏమ్మా, ఇల్లు నచ్చిండాదా?"

"నేల నచ్చిండాది నాయనా."

"నేలా?"

"ఆ మూలలో గుంత తవ్వల్ల. తొడ లోతు చాలు. మీకేం ఇబ్బంది ఉండదు. మేము తలుపు మూసుకోనే పని చేసుకుంటాము."

పట్టు మీద దుమ్ము పడకూడదు, అందుకే మా ఇళ్ళలో తలుపు మూసుకునే నేస్తారు. ఆ సంగతి అందరికీ తెలుసనుకున్నాను. ఆయన తువ్వాలు తీసి భుజం మీద వేసుకున్నాడు.

"ఎవరు పంపించిండేది మిమ్మల్ని?"

"ఎవరూ పంపలేదు. మేమే వెతుక్కుంటా వచ్చినాము."

"తవ్వేటప్పుడు పూజ గీజ చేస్తారా?"

"చేయకుండా తవ్వుతామా నాయనా? మంచిరోజు చూసి, పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, నిమ్మకాయ కోసినాకనే గడ్డపార వేసేది."

మగ్గం గుంతకు మా దగ్గర అట్లాగే చేస్తాం. మా అమ్మాయి వెనక నుంచి నా కొంగు లాగుతోంది. నేను పట్టించుకోలేదు, ఆయన ఇంత శ్రద్ధగా అడుగుతున్నాడు గదా అని. ఇంతలో ఆయన గట్టిగా ఎవరినో కేకేశాడు. ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు వచ్చి వాకిట్లో నిలబడ్డారు.

"బాడుగ వద్దు, ఏమీ వద్దు. ముందు బస్టాండుకు నడవండి. మా ఊర్లో ఇట్లాంటోళ్ళను శానామందిని చూసినాము."

బస్సెక్కినాక మా అమ్మాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"మా, ఆయప్ప నిన్ను లంకెబిందెలు తవ్వేదానివి అనుకున్యాడు. కోట ఊరు గదా, యాడ గుంత తవ్వినా రాజుల బంగారమే అనుకుంటారు. నువ్వేమో నిమ్మకాయ కోస్తామంటివి!"

"మగ్గం అని చెప్పలేదా నేను?"

"చెప్పనే లేదు! గుంత, గుంత అంటివి గానీ మగ్గం మాటే ఎత్తలేదు."

నిజమే. మగ్గం ఉండే ఇంట్లో పుట్టి, మగ్గం ఉండే ఇంటికి వచ్చినదాన్ని. గుంత అంటే మగ్గం కాక ఇంకేముంటుంది?

తరువాత హిందూపురం. వారంలో ఎన్ని రోజులు వీలైతే అన్ని రోజులు పోయాం. కాలేజీ చుట్టూ వీధులన్నీ తిరిగాం. గేట్లకు వేలాడే టు-లెట్ బోర్డులు ఇంగ్లీషులో ఉండేవి. ఆ అక్షరాల వాలకం అమ్మాయి చూపించింది, నేను దాన్ని బొమ్మ మాదిరి గుర్తుపెట్టుకుని దూరం నుంచే "అదిగో" అనేదాన్ని. కొన్నిసార్లు అది డాక్టరు బోర్డు అయ్యేది. సగం ఇళ్ళు మిద్దె మీద. మిద్దె మీద గుంత తవ్వితే కిందివాళ్ళ పొయ్యిలో పడతాం. మిగిలినవి మొజాయికు. ఒకాయన మొజాయికు మీద పడిన నా పాదం ముద్రలు చూసి, "తవ్వడమా? కావల్లంటే కుట్టుమిషను పెట్టుకో తల్లీ" అన్నాడు. కుట్టుమిషనులో నుంచి చీర రాదు నాయనా అని చెప్పి బయటికి వచ్చాను. ఇంకో ఇంట్లో ఆమె, "మొగదిక్కు యాడుండాడు?" అంది. "ఆడదిక్కు ఉండాది, నేనే" అన్నాను. ఆమె తలుపు వేసుకుంది.

ఇంటికి వస్తే కూర్చోబుద్ధి కాదు. కూర్చుంటే కాళ్ళు ఊరికే ఉండవు. బస్టాండులో బెంచీ మీద కూర్చున్నా, రైల్లో కూర్చున్నా, కింద చెక్కలు ఉన్నట్టే ఒకదాని తరువాత ఒకటి తొక్కేవి. పక్కన కూర్చున్నవాళ్ళు జరిగి కూర్చునేవాళ్ళు. ఇంట్లో మగ్గం మీద సగం నేసిన చీర గుడ్డ కప్పుకుని ఉండేది. పట్టు ఇచ్చి కూలికి నేయించుకునే మా షావుకారు రోజు విడిచి రోజు మనిషిని పంపించి, చీర ఎప్పుడని అడిగించేవాడు. నేను అన్నం ముందు కూర్చుని కూడా మళ్ళీ లేచి, వాకిట్లోకి పోయి, ఎందుకు పోయానో తెలియక తిరిగి వచ్చేదాన్ని.

ఒకరోజు హిందూపురం బస్టాండులో మా అమ్మాయి, "నేను మానేస్తా మా" అంది. నా వైపు చూడకుండా అంది. "తిరిగి తిరిగి నీ కాళ్ళు వాచినాయి. నాడె నాకు బాగానే వచ్చు గదా. నేనూ నేస్తా."

నాకు కోపం వచ్చింది. లేచి, ఆ ఉదయం వదిలేసిన వీధి వైపు నడిచాను. ఆమె పుస్తకాలు పట్టుకుని వెనకే వచ్చింది.

కాలేజీకి ఎదురుగా, రోడ్డు మలుపులో ఒక పెంకుటిల్లు. దాని పక్కన ఎత్తైన ఒంటి గది. బోర్డు లేదు. గుమ్మంలో ఒకామె చేటలో రాగులు చెరుగుతోంది. నా వయసుదే, నాకంటే మోటు. నేను ఈసారి ముందే చెప్పేశాను.

"అక్కా, మేము ధర్మవరం మగ్గం వాళ్ళము. దొంగలం కాదు. నిధులు తవ్వం. మగ్గం గుంత తవ్వల్ల. ఈ పిల్ల ఈ కాలేజీలో చదువుతాది."

ఆమె చేట కింద పెట్టింది. "పట్టు మగ్గమా?"

"పట్టే."

"ఈ రూములో మేము పట్టుపురుగులు మేపుతా ఉంటిమి. రేటు పడిపోయి, రోగమొచ్చి, అన్నీ పోయినాయి. రూము ఊరికే ఉండాది." లోపలికి నడుస్తూ అంది. "ఇన్నేండ్లు పట్టుగూళ్ళు మార్కెట్టులో అమ్మి దుడ్లు తెచ్చుకుంటిమి. ఆ గూడు చీర అయ్యేది మాత్రం నేనెన్నడూ చూడలా. నాకు చూపియ్యల్ల. అట్లయితే తవ్వుకో."

మడమతో తట్టాను. మన్ను. పైన కప్పు ఎత్తుగా, పురుగుల తట్టలకు గాలి ఆడేటట్టు కట్టింది. రోడ్డు వైపు కిటికీ. ఆ సాయంత్రమే బాడుగ మాట్లాడుకున్నాం.

మంచిరోజు చూసి టెంకాయ కొట్టి గడ్డపార వేశాను. మోకాలి లోతుకు పోగానే గడ్డపార ఖంగుమంది. చేతులు జల్లుమన్నాయి. పక్కకు జరిగి వేశాను, ఖంగుమంది. ఇంకో మూలకు పోయాను. అక్కడా బండే. గదంతా ఎలుకలు తోడినట్టు చేసి, మట్టికుప్ప మీద కూలబడ్డాను. మడమకు పైనున్న మన్నే తెలుస్తుంది గానీ అడుగున ఏముందో తెలియదని అప్పుడు తెలిసింది. మగ్గం మీదున్న చీర నేసిచ్చి, మగ్గం విప్పేసి వచ్చాం. తరువాతి చీర ఇక్కడ నేసిస్తామని షావుకారుకు మాట ఇచ్చి వచ్చాం. మా అమ్మాయి గోడకు ఆనుకుని నిలబడి నా ముఖమే చూస్తోంది.

ఇంటామె వచ్చి గుంతల్లోకి తొంగి చూసింది. "ఈ ఇంటి కింద అంతా బండే గదమ్మా. మా మామ బావి తవ్వల్లని చూసి, వల్లగాక ఊరికైనాడు."

"ముందే చెప్పకూడదా అక్కా?"

"గుంత అంటివి. చెట్టు నాటేంత అనుకుంటి. తొడ లోతు అని చెప్తివా?"

మళ్ళీ అదే. నేను తల పట్టుకున్నాను. ఆమె కాలితో మట్టికుప్పను తోసి, "కిందికి పోకపోతే పైకి పో" అంది. "చుట్టూరా అరుగు కట్టు. నడుమ సందు పెట్టు. కాళ్ళు ఆ సందులో ఏలాడేసుకో. గుంతే గదా నీకు కావల్సింది?"

మగ్గం భూమిలో ఉండాలని మా అత్త చెప్పేది. ఆ మాట చెబుదామని నోరు తెరిచాను. మా అమ్మాయి అప్పటికే చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని మట్టి తడుపుతోంది. నోరు మూసుకుని ఇటుక రాళ్ళు అందించాను. మోకాలి లోతు గుంత, మోకాలి ఎత్తు అరుగు, రెండూ కలిపితే తొడ లోతు. ఆరేదాకా ఆగడం నా వల్ల కాలేదు. పొద్దస్తమానం పోయి వేలితో నొక్కి చూసేదాన్ని. ఇంటామె, "ఇంగ నొక్కితే నీ వేలే అందులో ఆరిపోతాది" అని తిట్టింది.

మా మరిది మగ్గం సామాను టెంపోలో వేసుకుని వచ్చాడు. అరుగు చూసి నడుము మీద చేతులు పెట్టుకున్నాడు.

"మగ్గానికి మిద్దె కట్టిండావే వదినా!"

"నీకు గూడా కట్టిస్తా, తొమ్మిది పాస్ అయినాక."

అయినా చెక్కలు బిగించిందీ, తాళ్ళు కట్టిందీ ఆయనే. సాయంత్రం బండికి పోయేటప్పుడు మా అమ్మాయి చేతిలో ఒక పెన్ను పెట్టి, నాకు చెప్పకుండా పోయాడు.

మొదటిరోజు పొద్దున్నే నేనూ మా అమ్మాయీ అరుగు ఎక్కి కూర్చున్నాం. కొంత నేసినాక ఆమె దిగి, ముఖం కడుక్కుని, పుస్తకాలు తీసుకుంది. నాడె పట్టుకోమని ఇంటామెను పిలిచాను. ఆమె చేతులు తుడుచుకుని ఎక్కి కూర్చుని, ఆ పట్టుదారాన్ని వేళ్ళ మధ్య పెట్టి చాలాసేపు చూసింది. "మా పురుగుదేనేమో" అంది. మొదటిసారి నాడె విసిరితే అది మగ్గం దాటి వాకిట్లో పడింది.

ధర్మవరంలో గుంతలో కూర్చుంటే తలుపు సందులో నుంచి వీధిలో పోయేవాళ్ళ కాళ్ళు మాత్రమే కనిపించేవి. ఎవరు వస్తున్నారో చెప్పులను బట్టి చెప్పేదాన్ని. ఈ అరుగు మీద నుంచి కిటికీలో రోడ్డు కనిపిస్తోంది, రోడ్డు అవతల కాలేజీ గేటు కనిపిస్తోంది. మా అమ్మాయి వేగంగా నడుస్తోంది. రైలు దిగి పరుగెత్తే అలవాటు ఇంకా పోలేదు. నా కాళ్ళు చెక్కల మీద ఆగి ఉన్నాయి.

"పోయిందా?" అని ఇంటామె అడిగింది.

"ఉండక్కా."

గేటు దాటింది. లోపలి మెట్లు ఎక్కింది. ఆ తరువాత గంట కొట్టారు.

"ఇప్పుడు కొట్టినారు గదా అది?" అంది ఇంటామె.

"ఇప్పుడే. నాడె వెయ్యి, ఈసారి వాకిట్లోకి కాదు" అని చెక్క తొక్కాను.