మానుకోట కరెంటు

కారుకు చార్జింగ్ పెట్టడానికి ఉన్న చార్జింగే ఖర్చు చేసుకుంటూ నలభై కిలోమీటర్లు పోయే మనిషిని మీరెక్కడా చూసి ఉండరు. మా తొర్రూరులో ఒకడున్నాడు. పేరు సోమనర్సయ్య, మాకు నర్సన్న. ఇంట్లో ప్లగ్గుంది, కరెంటుంది, కారు నిలబెట్టే చోటు కిటికీకి మూరెడు దూరం. అయినా సరే, సోమ, గురు, శనివారాల్లో పొద్దున్నే మహబూబాబాద్ పోయి అక్కడి స్టేషన్లో బండికి చార్జింగ్ పెట్టుకొస్తాడు. పోవడానికింత, రావడానికింత అయిపోతుంది. అయిపోయింది కదా అని మళ్ళీ పోతాడు.

"ఏం లాభమే అన్నా?" అని ఎవరైనా అడిగితే జవాబు ఒక్కటే.

"తొర్రూరు కరెంటు పలుచన. మానుకోట కరెంటు చిక్కన." మహబూబాబాద్‌ను మేమంతా మానుకోట అనే అంటాం.

ఈ మాటకు అందరికన్నా మండేది లైన్‌మన్ నగేశ్‌కు. ఒకరోజు నా మీసేవ సెంటర్లో ఇద్దరూ ఎదురుపడ్డారు.

"రెండూర్ల కరెంటు ఒక్క దిక్కునుంచే వస్తదే! పలుచన ఏంది, చిక్కన ఏంది?" అన్నాడు నగేశ్.

"వచ్చేది ఒక్క దిక్కునుంచే. తొవ్వల మీరేం కలుపుతున్నరో మాకేం తెలుసు?"

నగేశ్ నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు.

నర్సన్న ముప్పై ఏళ్లు ఆర్టీసీ బస్సు నడిపాడు. ఆ ఇంజిన్ మోతకు ఎడమ చెవి సగం పోయింది. ఎలక్ట్రిక్ బండి కొంటే రోడ్ ట్యాక్స్ లేదు, రిజిస్ట్రేషన్ ఫీజు లేదు అని నా కంప్యూటర్లో చూపించిన రోజు ఆయన అడిగింది ఒకటే. "మోత?" లేదన్నాను. "అస్సల్లేదా?" అస్సల్లేదన్నాను. రిటైరైన నెలకే ఆకుపచ్చ నంబర్ ప్లేటుతో చిన్న కారు దిగింది. మొదటి వారం స్టార్టయిందో లేదో తెలియక దిగి చూసి వస్తుండేవాడు.

ఆయన రెండో పని అర్జీలు పెట్టడం. రాసేది నేనే కాబట్టి లెక్క నాకు తెలుసు, పదకొండు. అన్నిట్లోనూ ఒకటే కోరిక. మానుకోట అవతలి గార్లలో సర్కారు చార్జింగ్ స్టేషన్ పెట్టాలి, పక్కన నీడకో వేపచెట్టు, చెట్టుకింద రెండు నులక మంచాలు.

"గార్లల నీకు చుట్టాలు గూడ లేరు. తొర్రూరుల అడుగరాదే!" అన్నాను.

"తొర్రూరు వద్దు. తొర్రూరు అని రాసినవంటే నీ దుకాణం గడప తొక్క."

"సరే, మంచాలెందుకు?"

"బండి నిండేదాక మనిషేం జేస్తడు? పండుకుంటడు. రాజీవూ, మోతలేని బండ్లు అంతట వచ్చినయనుకో, దేశం మొత్తం జర నిద్రపోతది. సూడు, నీకు గిప్పుడే నిద్రొస్తుంది."

నిజంగానే వచ్చింది. ఆయన చెబుతుంటే నాకు ఎండాకాలం రోడ్ల వెంట మంచాలు, మంచాల మీద మనుషులు, పక్కన ఊపిరి తీయకుండా నిలబడ్డ కార్లు కనిపించేవి. జవాబు మాత్రం ఒక్క అర్జీకే వచ్చింది. మంచాలు తమ శాఖ పరిధిలోకి రావని రాశారు. ఆయన దాన్ని ఫ్రేము కట్టించాడు.

"మంచాలు రావన్నరు. స్టేషన్ రాదనలే గద!"

ఓ శనివారం మానుకోటలో పనిబడి ఆయన కారెక్కాను. వెనక సీట్లో ఆయన పక్కింటి మహబూబ్‌బీ కూర్చుని ఉంది. డెబ్బై దాటిన మనిషి. రెండేళ్లుగా మతి నిలవడం లేదు. కూతురు మెహనాజ్ బట్టలు కుడుతుంది, ఇంట్లో ఇద్దరే.

"గార్లకే గద బేటా?" అంది మహబూబ్‌బీ.

"గార్లకే ఖాలా" అన్నాడు నర్సన్న.

నెల్లికుదురు రాకముందే ఆమె నిద్రపోయింది. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. మిర్చి కల్లాలు ఎర్రగా వస్తున్నాయి, పోతున్నాయి. బండి నడుస్తోందా, పొలాలే వెనక్కి జరుగుతున్నాయా అన్నట్టుంది. నేను గుసగుసగా అడిగాను.

"గార్ల అంటవేందే? మానుకోట గద?"

ఆయన అద్దంలో వెనక్కి చూసి, గొంతు తగ్గించి చెప్పాడు. మహబూబ్‌బీ పుట్టిల్లు గార్ల. రోజంతా 'గార్లకు పోవాలె' అంటూ తలుపు తీసుకుని రోడ్డెక్కుతుంది. రెండుసార్లు లారీ కిందికి పోబోయింది. ఆమెను పట్టుకోవడంలో మెహనాజ్‌కు రాత్రీ లేదు, పగలూ లేదు. కారెక్కితే మాత్రం మహబూబ్‌బీ హాయిగా నిద్రపోతుంది, లేచేసరికి తొర్రూరులో ఉంటుంది. గార్ల పోయొచ్చిన అని అందరికీ చెప్పుకుని రెండు రోజులు నిమ్మళంగా ఉంటుంది. ఈ నాలుగు గంటలు ఇంటి దగ్గర మెహనాజ్ పడుకుంటుంది. వారంలో ఆమె కంటినిండా నిద్రపోయేది ఈ మూడు పొద్దులే.

"మరి చిక్కటి కరెంటు?"

"మెహనాజ్ ఎవ్వలి సాయం పట్టదు. మా కోసం బండి తీస్తే అమ్మీని ఎక్కనియ్య అన్నది. నేనెట్లనో చార్జింగుకు పోతున్న, ఖాలా తోడొస్తే నాకు పొద్దుపోతది అన్న. అప్పుడు సరే అన్నది. గాని మానుకోట దాటి గార్ల దిక్కు ఒక్క అడుగు పోయినా అది మా కోసమే అయితది, పోవద్దు అని మాట తీసుకున్నది. అందుకే గార్లల స్టేషన్ కావాల్నంటున్న."

ఇన్నాళ్లు ఈ మనిషిని చూసి నవ్వినవాళ్లలో నేనే ముందున్నాను. సిగ్గేసింది.

తర్వాతి నెలలోనే సర్కారు మమ్మల్ని కరుణించింది. స్టేషన్ మంజూరైంది, తొర్రూరుకు. బస్టాండు పక్కనే. వార్త చెబితే నర్సన్న నా ముందున్న కుర్చీలో కూలబడ్డాడు.

"ఇంకో అర్జీ రాయి. వద్దని రాయి."

"వద్దంటే వినరన్నా. ఊరంతా ఖుషీగున్నది."

"మరి మెహనాజ్ నిద్ర?" అన్నాడు.

ప్రారంభం రోజు జిల్లా నుంచి వచ్చిన సారు పదకొండు అర్జీల మనిషెవరని అడిగి మరీ నర్సన్న కారునే మొదట పెట్టించాడు. గంట తిరక్కుండానే తెరమీద నూరు శాతం. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది నగేశ్.

"ఏమన్నా, పలుచగున్నదా?"

నర్సన్న వెనక్కి తిరిగి చూశాడు. జనంలో తల్లి చెయ్యి పట్టుకుని మెహనాజ్ నిలబడి ఉంది. కళ్ళకింద నలుపు. ముందుకొచ్చి అంది.

"సంతోషం అన్న. ఇంక నీకు మానుకోట తిప్పలు లేదు."

ఆ మాట అంటుండగానే మహబూబ్‌బీ చెయ్యి విడిపించుకుని వెనక డోరు తీసి కూర్చుంది. "గార్లకు పోదాం పా బేటా."

"అమ్మీ, దిగు. అన్నకు పనిలేదు" అంటూ మెహనాజ్ చెయ్యి పట్టి లాగుతోంది. నర్సన్న మొహం చూడలేకపోయాను. ఉన్నట్టుండి ఆయన సారు వైపు తిరిగాడు.

"సార్, నిండిన బ్యాటరీ ఊకె పెడితే ఏమైతది?"

"ఎక్కువ రోజులు నూరు శాతం ఉంచితే బ్యాటరీకి అంత మంచిది కాదండీ. కొంచెం వాడుతుండాలి."

"ఇన్నవా చెల్లె! సారే చెప్పిండు. ఇన్నొద్దులు నింపనీకి పోయిన, ఇప్పుడు ఖాళీ చెయ్యనీకి పోవాలె. తప్పదు!"

జనం గొల్లుమన్నారు. మెహనాజ్ నవ్వలేదు. ఆయన్ని చాలాసేపు చూసింది. ఆయన చూపు తిప్పుకుని ఆకుపచ్చ నంబర్ ప్లేటును చేత్తో తుడుస్తున్నాడు, దాని మీద దుమ్మేమీ లేకపోయినా.

"ఎంత దూరం పోతే ఖాళీ అయితది అన్న?" అంది చివరికి.

"గార్ల... గార్ల దాక పోతే సరిపోతదనుకుంట."

"అయితే జర మెల్లగ పోయి రా. నేను పొద్దుగూకే దాక పండుకుంట" అని, తల్లి చీర కొంగు డోర్లో పడకుండా లోపలికి సర్ది, తనే తలుపు వేసింది.

ఆ రోజు నేనూ సెంటర్ మూసి ఎక్కాను. మొదటిసారి మానుకోట దాటాం. నర్సన్న ఎంత ఆనందంగా ఉన్నాడంటే గంటకు ముప్పై కిలోమీటర్లు కూడా దాటలేదు. గార్లలో రోడ్డుపక్క మక్కజొన్నలు ఆరబోసిన చోట కారాపి, వెనక్కి తిరిగి, ఏదో పండగ చెబుతున్నట్టు మెల్లగా అన్నాడు.

"ఖాలా, లే. గార్ల వచ్చింది."

మహబూబ్‌బీ కళ్ళు తెరిచి, మక్కల వైపు, ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు వైపు, దారి వైపు తీరిగ్గా చూసింది.

"మొన్ననే వచ్చిన గద బేటా! ఊకూకె గార్లకెందుకు తెస్తవ్?" అంది విసుగ్గా. "పోదాం పా. మెహనాజ్ లేచేవరకు ఇంట్ల ఉండాలె. లేచి నేను కనవడకుంటే పోరి పరేషాన్ అయితది."

నర్సన్న బండి తిప్పాడు. రైల్వే గేటు దాటకముందే వెనక నుంచి గురక మొదలైంది. ఆమె ఎక్కడ లేస్తుందోనని ఇద్దరం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మానుకోట దాకా నవ్వుకుంటూనే వచ్చాం.