అక్కర్లేని రెండేళ్లు

ఒక అబద్ధాన్ని ఏళ్లుగా మోస్తున్నాను. మోయడమంటే కుంగిపోయి ఉన్నానని అనుకోకండి. బాగానే తింటున్నాను, బాగానే నిద్రపోతున్నాను. నాకు ఒళ్లు మండేది అందుకే. ఒక మనిషికి ఇంత అన్యాయం చేసినవాడికి అన్నం ఎట్లా సహిస్తుంది? మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మార్కాపురంలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నేను ఫిజీషియన్ అసిస్టెంటును. డాక్టరును కాను, నర్సును కాను. రోగి రాగానే జబ్బు వివరాలు అడిగి రాసుకోవడం, పరీక్షలు చూడటం, ఆపరేషన్‌లో డాక్టరుకు సాయంగా నిలబడటం, కుట్లు వేయడం, ఇదీ మా పని. దానికి డిగ్రీ ఉంది. నేను ఆ పైన చెన్నై వెళ్లి రెండేళ్లు మాస్టర్స్ కూడా చదివాను. మా ఆస్పత్రిలో అది చదివినవాణ్ని నేనొక్కణ్నే. ఎవరొచ్చినా డాక్టరుగారు నా చదువు సంగతి ముందు చెప్పేవారు. నాకూ బాగుండేది, అబద్ధమెందుకు.

జిల్లాలు విడగొట్టిన ఏడాది ఒక అమ్మాయి చేరింది. పేరు చెప్పను. ఊరు కొమరోలు. డిగ్రీ చదివింది, అంతే. పని నేనే నేర్పాను. కుట్టు ఎంత బిగించాలో, ముసలివాళ్లు దాచుకునే జబ్బు ఎట్లా రాబట్టాలో, డాక్టరును ఎప్పుడు పిలవాలో, ఎప్పుడు మనమే చూసుకోవాలో. కొన్ని నెలలకే నేను చేసేదంతా ఆమె చేసేది. నేర్పినవాడికి గర్వంగా ఉండాలి కదా? ఉండేది కూడా. డాక్టరుగారు గిద్దలూరులో రెండో ఆస్పత్రి తెరుస్తాననేదాకా.

అక్కడి వార్డు బాధ్యత ఆమెకిద్దామని ఆయన ఆలోచన. గిద్దలూరు నుంచి కొమరోలు ఎంత దూరం? పొద్దున బస్సెక్కి వచ్చి, సాయంత్రం ఇల్లు చేరుకోవచ్చు. అప్పటికామె మార్కాపురంలో అద్దె గదిలో ఉంటూ, వారానికోసారి పోయి బిడ్డను చూసుకునేది. ఆడపిల్ల, ఏడాదిది. అత్త దగ్గర పెరుగుతోంది. గిద్దలూరు ఉద్యోగం వస్తే తల్లీబిడ్డా ఒకచోట ఉంటారు. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను.

ఈ పనికి డిగ్రీ చాలునా, మాస్టర్స్ కావాలా అని డాక్టరుగారు నన్ను పిలిచి అడిగారు. చదివొచ్చినవాడివి, నీకే తెలియాలి అన్నారు. చాలు అనాలి. ఒక్క మాట. అది నోటికి రాలేదు. మాస్టర్స్ లేకపోతే కష్టం సార్, రేపు ఏదైనా తేడా వస్తే మాట మన మీదికి వస్తుంది అన్నాను. ఆయన భయస్థుడు. పైగా బోర్డు మీద పేరు పక్కన డిగ్రీ అక్షరాలంటే ప్రాణం. చదివి వస్తే ఉద్యోగం ఆమెకే అట్టిపెడతానన్నారు, అదేదో గొప్ప ధర్మం చేస్తున్నట్టు. అప్పటిదాకా ఆ వార్డు బాధ్యత నన్ను చూసుకోమన్నారు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇందులో ఆయన వాటా చిటికెడే. మిగతాదంతా నాదే.

ఆ సాయంత్రం ఆమె నా దగ్గరికి వచ్చింది.

“అన్నా, నిజంగా కావాల్నా? నువ్వు నేర్పిందాంట్లో లేనిది ఆడ ఏముంది?”

“చానా తేడా ఉంటాది మా. పోయొచ్చినాక నీకే తెలుస్తాది.”

“పాప ఇప్పుడిప్పుడే అడుగులేస్తాంది అన్నా.”

“రెండేండ్లు ఏంది, ఇట్ల పోయి అట్ల వస్తావు.”

“నువ్వు చెప్తాండావంటే సరే.”

ఎందుకు చేశాను? ఆ కుర్చీ కోసమైతే ఇంత సిగ్గుండేది కాదు. చెన్నైలో చివరి పరీక్షల్లో ఉండగా మా చిన్నాయన ఫోన్ చేశాడు, నాయనకు బాగాలేదు, రమ్మని. నాయనకు మార్కాపురంలో చిన్న దుకాణం. వైవా అయిపోగానే వస్తానన్నాను. వైవా అయింది. నేను దిగేసరికి ఆయన్ను ఇంటి ముందు పడుకోబెట్టి ఉన్నారు. అట్లా వచ్చిన చదువది. అది లేకపోయినా ఈ పని చేయవచ్చని నా నోటితో నేనే చెప్పాలా? చెబితే, నాయనను ఆఖరిసారి చూడకుండా పోగొట్టుకుంది దేనికి? చదువు వట్టిదని అనడం లేదు. పాఠాలు చెప్పేవాళ్లకు, పరిశోధన చేసేవాళ్లకు కావాలి. గిద్దలూరు వార్డులో నిలబడటానికి అక్కర్లేదు. కానీ నేను ఏడ్చిన ఏడుపు ఇంకొకరూ ఏడిస్తే గాని నాకు తృప్తి లేకపోయింది. ఛీ, ఇదీ ఒక బతుకేనా!

ఆమె చెన్నైలో చదివి తిరిగొచ్చింది. గిద్దలూరు ఉద్యోగమూ ఇచ్చారు. పాప మాత్రం నానమ్మనే అమ్మా అంటుంది. ఈమె చెన్నై అమ్మ. ఆ సంగతి ఆమె నవ్వుతూ చెప్పింది. నేనూ నవ్వాను. ఆ నవ్విన మూతిని పగలగొట్టుకోవాలనిపిస్తుంది. పైగా నువ్వు చెప్పబట్టే చదివానన్నా అని నాకు దండం పెట్టింది.

మొన్న పొదిలి నుంచి ఒక పిల్ల గిద్దలూరుకు ఉద్యోగం అడగడానికి వచ్చింది. డిగ్రీ చదివింది. పని తెలిసిన పిల్ల. డాక్టరుగారు ఈసారి కొమరోలు ఆమెను అడిగారు. నేను పక్కనే ఉన్నాను. మాస్టర్స్ ఉండాల్సిందే సార్ అంది ఆమె, గట్టిగా, కోపంగా. ఆ కోపం ఎక్కడ పుడుతుందో నాకంటే తెలిసినవాడు లేడు. పొదిలి పిల్ల మొహం వాడిపోయింది. ఆమె నావైపు తిరిగి, “ఏమంటావన్నా?” అంది.

కాదు అనాలంటే, నీ బిడ్డను నీకు దూరం చేసింది నేనేనని అక్కడే చెప్పాలి. అవునన్నట్టు తల ఊపాను. రెండోసారి.

పొదిలి పిల్ల ఇంకా చెన్నై వెళ్లలేదు, అప్లికేషన్ పెట్టుకుందట. నంబరు నా దగ్గర ఉంది. ఆ పిల్లకు ఫోన్ చేసేముందు కొమరోలు ఆమెకు చెప్పాలి. చెప్తానా? గొప్పలు పోను, తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సినవాళ్లలో ఒకతికి ఇంకా బడికి పోయే వయసే రాలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి ఈ మాట బయటికి అంటున్నాను. అక్కర్లేదు. ఆ పనికి మాస్టర్స్ అక్కర్లేదు. నాకు ఆ రోజే తెలుసు. హమ్మయ్య, అనేశాను.