కాడి కట్టి చూసిన కార్డు

మా ముందు గదిలో కుట్టుమిషన్ పక్కన, పాత చీర కప్పుకొని చాలా కాలంగా మూలకు పడి ఉన్న కంప్యూటర్ ఈ వారం మళ్లీ పనిలో పడింది. నేనిది రాస్తున్నప్పుడు కూడా దాని లోపలి ఫ్యాను రొద చేస్తూనే ఉంది, కాసేపు పెంచి, మళ్లీ తగ్గించి, అచ్చం కొట్టంలో కట్టేసిన ఎద్దు బుస కొట్టి ఊరుకున్నట్టు. నా ఈడువాళ్లు ఈ పోలికకు నవ్వరు. మూడో తరగతితో బడి మానేసిన నాకు ఆ పెట్టెలో ఏముందో తెలియదు గానీ, పోయిన శనివారం దాని కోసం మేము పడ్డ ఆరాటం మాత్రం చిన్ననాడే ఒకసారి పడ్డది.

ఆ కంప్యూటర్ ఒకప్పుడు నా కొడుకు జిరాక్సు దుకాణంలో ఉండేది. కొత్తది వచ్చాక దాన్ని పాత ఇనుప సామాన్లవాడికి వేసేస్తానంటే నేనే అడ్డుపడి ఇంటికి తెప్పించాను, ఊపిరి ఉన్న వస్తువును పారేయడం నాకు చేతకాదు. మా మనుమరాలేమో ఇళ్ల ప్లాన్లను కదిలే బొమ్మలుగా చేసే విద్య నేర్చుకుంది. హనుమకొండలో ఇళ్లు గీసే ఆఫీసువాళ్లు ఒక ఇల్లు చేసి సోమవారం పొద్దుటికల్లా పంపమన్నారు. నచ్చితే ఇంట్లో కూర్చొని చేసుకునే పని ఇస్తారు, లేకుంటే అది ఇంకొకరికి పోతుంది. నేర్చుకున్న చోట కోర్సు అయిపోయింది, అక్కడి యంత్రాల మీద ఇక కూర్చోనివ్వరు. ఇంట్లో ఉన్నది ఈ పాతదొక్కటే. అది బొమ్మ తెరుస్తుంది గానీ తలుపు దాటి లోపలికి పోబోతే అక్కడే బిగుసుకుపోతుంది. బొమ్మలు గీసే పని ఒక్కటే చేసే పలక ఒకటి ఉంటుందట, గ్రాఫిక్స్ కార్డు అంటారట, అది పెడితే తప్ప ముందుకు కదలదని పిల్ల తేల్చింది.

హనుమకొండలోనే ఒక దుకాణంలో పాతవి రెండు ఉన్నాయని తెలిసింది. ఒకటి మూడు ఫ్యాన్లది, చూడటానికే మోటుగా ఉంటుంది. రెండోది ఒక్క ఫ్యానుది, అరచేతికి కాస్త పెద్దది. డబ్బు పెట్టేది నేను కాబట్టి పంచాయితీ నా ముందుకే వచ్చింది. "కొంటే ఒక్కసారే పెద్దది కొనాలె అమ్మా. చిన్నది కొని మళ్ల మళ్ల ఏడుసుడెందుకు?" అని కొడుకు. పిల్ల మాత్రం గోళ్లు కొరుక్కుంటూ, "పెద్దది పెడితే పాతది దాని వెంబడి ఉరకలేదు నానమ్మా, గదే భయమైతాంది" అంది. ఆ మాట వినగానే నాకు మా బాపు, అంటే మా నాయన, గుర్తుకొచ్చాడు.

మాది నెక్కొండ దగ్గరి పల్లె. ఆ ఏడు మిరుగు వాన, అంటే తొలకరి, బాగా పడింది, పడ్డ మర్నాడే మా జోడెద్దుల్లో ఒకటి పాము కరిచి చచ్చిపోయింది. నేల పదును ఆరేలోగా విత్తనం పడకపోతే ఆ ఏడాదికి చేను బీడే, మేము కూలికి పోవాల్సిందే. ఇంట్లో నన్ను కన్న అవ్వ పొయ్యి వెలిగించడం కూడా మరిచిపోయి ఆకాశం వైపు చూస్తూ కూర్చుంది. మా వైపు ఒక పద్ధతి ఉండేది. జోడు విడిన ఎద్దుకు తోడు కొనాలంటే, ఇంట్లో ఉన్న ఎద్దును పశువుల అంగడికి తోలుకుపోయి, కొనబోయేదానితో ఒకే కాడికి కట్టి, పక్క దుక్కిలో నాలుగు చాళ్లు నడిపించి చూసేవారు. ఒంటిగా నిలబడ్డ ఎద్దు అందం చూసి ఎవరూ బేరం ఖాయం చేసేవారు కాదు. మిగిలిన మా ముసలెద్దు నేను ముందు నడిస్తేనే నడిచేది కాబట్టి బడి మానిపించి నన్ను కూడా తీసుకుపోయారు. ఆ తర్వాత మళ్లీ బడి మొహం చూసింది లేదు, అదొక కథ.

అంగడిలో ఒక తెల్లెద్దు ఉండేది, మూపురం గుమ్మటంలా, కొమ్ములు నింగికి. మా మేనమామ దాని చుట్టూ తిరిగి తిరిగి బాపును ఒప్పించినంత పని చేశాడు. కాడికి కట్టారు. రెండో చాలుకే తెల్లది తన బలానికి తాను ఉరికింది, కాడి ఒక పక్కకు ఎత్తుకుంది, మా ముసలెద్దు మెడ మెలిపడి మోకాళ్ల మీద కూలబడింది. నేను గట్టిగా అరిచాను. బాపు కాడి విప్పి, దాని మెడ కింద చెయ్యి పెట్టి, ఊపిరి కుదురుకునేదాకా అట్లాగే కూర్చున్నాడు. ఉన్నదొక్కటీ అక్కడే పోతుందేమో అనుకున్నాను. అది లేచింది. లేచాక బాపు పోయి, పొట్టిగా, కొమ్ము కొస విరిగిన ఎర్రెద్దును ఒకదాన్ని కట్టించాడు. "ఏంది బావా, ఎద్దును కొంటానవా, పిడకల గంపను కొంటానవా?" అని మేనమామ ఎగతాళి చేస్తే చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. రెండూ మెడలు సమంగా పెట్టి నడిచాయి. దాన్ని అమ్మినాయన తన పలుపు తాను విప్పుకొని, పోబోతూ వెనక్కి వచ్చి, "పొద్దు నెత్తిమీదికొస్తే కూసుంటది అన్నా. కొట్టకు. జరసేపైతే అదే లేస్తది" అని దాని గుణం చెప్పి మరీ పోయాడు.

అందుకే శనివారం నేను పట్టుబట్టాను, కంప్యూటర్‌ను దుకాణానికి తీసుకుపోవాల్సిందేనని. "ఇదేమన్న ఎద్దానే అమ్మా తోలుకపోవడానికి? చూసినోళ్లు నవ్వుతరు" అన్నాడు కొడుకు.

"నవ్వెటోళ్లను నవ్వనియ్. సోమవారానికి వాళ్లొచ్చి బొమ్మ గీసిస్తరా?"

బొంతలో చుట్టి, ఆటోలో పిల్ల ఒళ్లో పెట్టుకొని పోయాం. దుకాణం అతను మమ్మల్ని చూసి తల గోక్కున్నాడు. "అమ్మమ్మా, పాతవాటికి గ్యారంటీ ఉండది. బిల్లు కొట్టినంక వాపస్ తీసుకోం" అన్నాడు. అందుకే బిల్లు కొట్టకముందే పెట్టి చూద్దాం బిడ్డా అన్నాను. మా కొడుకు మాట తీసెయ్యడమెందుకని ముందు పెద్దదే పెట్టమన్నాను. అది పెట్టెలో పట్టలేదు, లోపలి ఇనుప పట్టీ ఒకటి ఊడదీసి ఇరికించారు. దానికి వేరే కరెంటు కావాలని రెండు వైర్లు కలిపి ఏదో పిన్ను తగిలించారు. వెలిగింది. మూడు ఫ్యాన్లూ తిరిగాయి, కొడుకు నా వైపు చూసి మీసం కింద నవ్వుకున్నాడు. పిల్ల తన బొమ్మ తెరిచి ఇంటి తలుపు దాటి హాల్లోకి పోయింది, మెట్ల దగ్గరికి చేరిందో లేదో టక్కున అంతా నల్లబడింది.

మీట నొక్కితే కదలిక లేదు. మళ్లీ నొక్కితే లేదు. పిల్ల చేసిన ఆ ఇంటి బొమ్మ మొత్తం అందులోనే ఉంది, ఇంకెక్కడా లేదు. పెట్టెకు కరెంటు అందించే పాత పవర్ సప్లై అంత బరువు మోయలేక పడిపోయిందని దుకాణం అతను గొణిగాడు. లేస్తుందా అని అడిగాను. చూడాలన్నాడు. వైరు పీకి, పెద్దదాన్ని బయటకు తీసి, మమ్మల్ని ఆగమన్నాడు. నేను పోయి ఆ పెట్టె మీద చెయ్యి వేసి నిలబడ్డాను. మా ముసలెద్దు మెడ కింద బాపు చెయ్యి ఎందుకు అంతసేపు ఉందో నాకు అప్పుడు తెలిసింది. అది మందు కాదు, చేయగలిగింది ఇంకేమీ లేకనే.

చిన్న కార్డు పెట్టి, వైరు తగిలించి, మీట నొక్కాడు. ఫ్యాను కదిలింది. తెర తెల్లబడింది. పిల్ల బొమ్మ తెరిచి తలుపు దాటింది, హాలు దాటింది, మెట్లెక్కి డాబా మీదికి పోయి, మళ్లీ కిందికి వచ్చింది. నత్తనడకే గానీ ఎక్కడా ఆగలేదు. "పెద్దది కావాలంటే పవర్ సప్లై మార్చాలె" అని దుకాణం అతను ఇంకా చెప్తూనే ఉన్నాడు, పిల్ల మాత్రం తెర మీంచి కళ్లు తిప్పకుండా, "ఇదే చాలు. మెల్లగైనా నడుస్తాంది" అంది. ఆ మాట తను చెప్పాకే నేను డబ్బు తీశాను.

ఆదివారమంతా ఆ పెట్టె బొమ్మ తీస్తూ కూర్చుంది. ఎండ పొద్దుకు వేడెక్కి బాగా నెమ్మదించింది. కొడుకు లేచి ఏదో నొక్కబోతే వద్దన్నాను, జరసేపైతే అదే లేస్తుందని. చీకటి పడేలోపు పని అయింది. సోమవారం మధ్యాహ్నం ఆఫీసువాళ్లు ఫోన్ చేసి ఇంకో ఇల్లు పంపారు. అదే ఇప్పుడు నడుస్తోంది.

ఈ కార్డు ఎవరింటిది, ఎందుకు అమ్ముకున్నారు, దీని గుణమేమిటి అని ఆ రోజు దుకాణంలో అడిగితే, గుత్తగా వచ్చిన మాల్ అమ్మమ్మా, ఎవరిదని చెప్పాలని నవ్వేశాడు. మా ఎర్రెద్దును అమ్మినాయన మాత్రం మా ఊరి మీదుగా పోయినప్పుడల్లా చేను గట్టు మీద ఆగి, దాన్ని పేరు పెట్టి పిలిచి, అది తల ఎత్తి చూశాక గానీ కదిలేవాడు కాదు. ఈ కార్డును చూసిపోవడానికి ఎవరూ రారు. అందుకే పొద్దూకి పని ఆపేశాక, పిల్ల పక్కకు పోయినప్పుడు, వేడి తగ్గిందో లేదోనని నేనే ఒకసారి చెయ్యి వేసి చూసి వస్తున్నాను.