తువ్వాలు చుట్టిన హార్డ్ డిస్కు

ఆ హార్డ్ డిస్కుకు తువ్వాలు చుట్టింది నేనే. మా తమ్ముడు చుట్టాడని బంధువుల్లో ఒక మాట తిరుగుతోంది కాబట్టి ముందే చెబుతున్నాను. వాడు వద్దన్నాడు. నేను వాదించాను. వాదనలో నన్ను గెలిచినవాళ్ళు మా ఇంట్లో లేరు, నా గెలుపు వల్ల నష్టపోయినవాళ్ళే ఉన్నారు.

మా మేనత్త గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ తప్పదనీ, ఆ తర్వాత పాట మీద ఆశ పెట్టుకోవద్దనీ కర్నూలు డాక్టరు చెప్పాడు. కలుపు తీసేటప్పటి పాటలు, శనక్కాయలు ఒలిచేటప్పటి పాటలు, పెళ్ళిలో వియ్యపురాలిని ఏడిపించే పాటలు ఆమెకు లెక్కలేనన్ని వచ్చు. ఒక్కటీ కాగితం మీద లేదు. కాలేజీలో తెలుగు చెప్పే నేను ఇరవై ఏళ్ళుగా "రాసుకుంటాలే అత్తా" అంటూ కాలం గడిపాను.

తమ్ముడు కడపలో భజన బృందాలకు పాటలు రికార్డు చేసి ఇస్తాడు. ఒంటిమిట్ట ఉత్సవాలు అయిపోయి ఎండలు ముదిరాక, అత్త కోసం ఏడు మధ్యాహ్నాలు కేటాయించాడు. బయటి చప్పుడు రాకుండా తలుపుకూ కిటికీకీ బొంతలు వేలాడదీశాడు. మైకులో మోత పడుతుందని ఫ్యాను ఆపేశాడు. లాప్‌టాప్ నిండిపోవడంతో అన్నీ బయటి హార్డ్ డిస్కులోకే వెళ్ళేవి. ముందే రికార్డు చేసిపెట్టిన డప్పు, తాళాలు, హార్మోనియం ఆ డిస్కే వినిపించాలి, అత్త గొంతును అదే దాచుకోవాలి. గంట గడిచేసరికి ముట్టుకుంటే చెయ్యి చుర్రుమనేది. వాడు కింద గాలి ఆడేలా నాలుగు సీసా మూతల మీద దాన్ని నిలబెట్టి, పాటకూ పాటకూ మధ్య పని ఆపి ఫ్యాను వేసేవాడు.

ఏడో రోజు అత్త, పెళ్ళికూతురిని సాగనంపే పాట అందుకోబోయింది. డిస్కు గుయ్యిమనడం హెడ్‌ఫోన్లలో నాకు వినిపించింది. తువ్వాలు చుట్టేద్దామన్నాను.

"ఉడికిపోతాదక్కా. దానికి గాలి కావల్ల."

"ఒక్క పాటకు ఏమయితాదిరా? ఆమె గొంతు కింద ఆ ఈగ మోత కలకాలం ఉండాల్నా?"

తువ్వాలు నేనే చుట్టాను. ఒక్క పాట మూడయింది. ఊపులో ఉన్న అత్తను ఆపే ధైర్యం ఎవరికుంది? మూడోది సగంలో ఉండగా లాప్‌టాప్ తెర మీద గొంతుతో పాటు కదిలే గీత ఆగిపోయింది. డిస్కు టిక్కు టిక్కుమంది. తువ్వాలు విప్పితే పెనం మీంచి దించిన రొట్టెలా సెగలు కక్కుతోంది.

"ఏం పాపా, నేను పాడింది యాడికి పోయింది?" అని అత్త నన్నే అడిగింది.

తమ్ముడు నా వైపు చూడలేదు. "ఈడనే ఉండాదిలే అత్తా, రేపు తీస్తా" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఆమెను కర్నూలుకు తీసుకువెళ్ళారు.

ఆమె ఆసుపత్రిలో ఉన్న వారమంతా మేమిద్దరం డిస్కు ముందు కూర్చున్నాం. తోడు వేసే ముందు పాలగిన్నెను నీళ్ళ తట్టలో పెట్టి చల్లారుస్తాం కదా, అలా వెడల్పాటి తట్టలో నీళ్ళు పోసి, అందులో బరువైన స్టీలు గిన్నె దించి, పొడిగా ఉన్న ఆ గిన్నెలో డిస్కు పెట్టాను. "పాలకోవా చేస్తాండావా అక్కా" అని తమ్ముడు ఎగతాళి చేశాడు. కానీ డిస్కు కాసేపు పలికింది. మళ్ళీ టిక్కుమనగానే లాప్‌టాప్ నుంచి తీసేయడం, చల్లారనివ్వడం, మళ్ళీ తగిలించడం. అలా మొదటి నాలుగు రోజుల పాటలు బయటికి వచ్చాయి. ఐదో రోజువి సగం. మిగతావి రాలేదు.

అత్త మెడకు కట్టుతో తిరిగొచ్చింది. మాట లేదు. కొంగు తల మీదికి లాక్కుని, ముఖం కప్పుకుని, రెండు చేతులూ గడప వైపు చాపింది. సాగనంపే పాట వినిపించమని అడుగుతోంది.

"అది రాలేదత్తా. డిస్కు పోయింది" అన్నాడు తమ్ముడు. నా పేరు ఎత్తలేదు.

వాడి మంచితనాన్ని నేను భరించలేకపోయాను. చుట్టింది నేనేననీ, వాడు వద్దన్నా వినలేదనీ చెప్పేశాను. ఆమె తన మోకాలి మీద అరచేత్తో తాళం వేస్తూ, పాడమన్నట్టు గడ్డం ఎగరేసింది.

గుర్తున్నంత పాడాను. రెండో చరణంలో ఆమె చెయ్యి ఆగింది. తల అడ్డంగా ఊపింది. వరస మార్చాను. మళ్ళీ ఊపింది. సరైనది చెప్పాలని పెదవులు కదిపింది. గాలి తప్ప ఏమీ రాలేదు.

ఇప్పటికి ఆరు రకాలుగా పాడి చూశాను. ప్రతిసారీ అదే చోట ఆమె చెయ్యి ఆగిపోతోంది.