మూడు చెంచాల అన్నం

మిర్యాలగూడకు తేమ కొలిచే మిషన్లు రాకముందు కైలాసం పళ్లుండేవి. మిషన్లు వచ్చాక కూడా చాలాకాలం జనం వాటిని పక్కన పెట్టి ఆయన పళ్లనే నమ్మారు. బస్తాలోంచి నాలుగు గింజలు తీసి నోట్లో వేసుకుని, పక్కపన్నుతో ఒకటి కొరికి, కళ్లు మూసుకుని వినేవాడు. అవును, వినేవాడు. గింజ విరిగిన చప్పుడును బట్టి అది సరిగ్గా ఎండిందా లేదా, మిల్లులో పోస్తే ఎంత నూకవుతుందన్నది చెప్పేవాడు. సూర్యాపేట మార్కెట్లో ఒక ధాన్యం దుకాణంలో గుమాస్తాగా మొదలైన మనిషి, ఆ పళ్ల పుణ్యమా అని మిర్యాలగూడలో సొంత రైస్‌మిల్లు పెట్టాడు. చిక్కేమిటంటే, ఆ పళ్లను ఆయన మిల్లు గేటు దగ్గర వదిలిపెట్టి ఇంటికి వచ్చేవాడు కాదు.

ఇంట్లో భార్య కమల వడ్డించి, వంటింటి గుమ్మానికి చెయ్యి ఆనించి నిలబడేది. ఆయన మొదటి ముద్ద కలపకముందే ఒక మెతుకు తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూసేవాడు. మెతుకు నడుమ తెల్లటి చుక్క కనిపిస్తే సరిగ్గా ఉడకలేదని లెక్క. "ఇయ్యాల పలుకున్నది" అనో, "ఇయ్యాల మెత్తగయింది" అనో తీర్పు వచ్చేది. ఏమీ అనని పూట కమలకు పండగ. ఆయన లేచి చెయ్యి కడుక్కుని బయటికి పోయాకే ఆమె తినేది. ఏం తినేదో, ఎంత తినేదో, ఏది ఇష్టంగా తినేదో ఆయనకు తెలియదు. అలా ముప్పై ఆరేళ్లు గడిచాయి. కొట్టిన మనిషి కాడు, నోరు జారిన మనిషి కాడు. బంగారంలాంటివాడని బజారంతా చెప్పుకునేది. నన్నడిగితే మాత్రం, రెండుపూటలా ఒక మనిషిని గుమ్మంలో నిలబెట్టి తీర్పు చెప్పడం కూడా తక్కువ శిక్షేం కాదు.

ఆమెకు కడుపులో గడ్డ లేచింది. ఇక్కడి డాక్టర్లు చెన్నై తీసుకుపొమ్మన్నారు. కొడుకు విష్ణువర్ధన్ మిల్లు చూసుకుంటూ ఉండిపోతే, కైలాసమూ కోడలు సింధూ ఆమెను వెంటబెట్టుకుని వెళ్లి, ఆస్పత్రి పక్కన ఒక గది కిరాయికి తీసుకున్నారు. మందుల దెబ్బకు కమలకు అన్నం సయించడం మానేసింది. సింధుది కోదాడ, పుట్టింటి నుంచి నిమ్మకాయ పచ్చడి తెప్పించింది, చారు కాచింది, అటుకులు నానబెట్టింది. ఏదీ గొంతు దిగలేదు. పదకొండు రోజులు సెలైన్ మీదా రెండేసి గుక్కల మజ్జిగ మీదా గడిచాయి.

పన్నెండో రోజు స్కానింగ్ కోసం ఊళ్లో ఇంకెక్కడికో పంపించారు. రిపోర్టుల కోసం సింధు ఆస్పత్రిలోనే ఆగింది. మొగుడూపెళ్లాలిద్దరూ ఆటోలో తిరిగి వస్తుంటే వాన దంచికొట్టింది. రోడ్డు మీద మోకాలిలోతు నీళ్లొచ్చి బండి ఆగిపోయింది. ఆటో అతను తమిళంలో ఏదో చెప్పి దించేశాడు. అది ఏ పేటో, ఏ వీధో తెలియదు. గొడుగు పట్టుకుని గోడవారగా నడిపిస్తుంటే కమల ఆగింది.

"గీడ ఏందో మంచి వాసనొస్తుంది," అంది.

పన్నెండు రోజుల్లో తిండి గురించి ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. ఎదురుగా ఆకుపచ్చ తలుపు. పక్కన కుండీలో చిన్న నిమ్మచెట్టు. లోపల ఎర్రగళ్ల గుడ్డలు పరిచిన బల్లలు. అది ఇటాలియన్ హోటలని కూర్చున్నాక వెయిటర్ చెబితే తెలిసింది. చేతికిచ్చిన మెనూ కార్డులో ఏముందో ఇద్దరికీ అంతుపట్టక, కైలాసం "రైస్, వెజ్" అని ఊరుకున్నాడు. వెడల్పాటి తెల్లపళ్లెంలో వెన్నా చీజూ కలిపిన జారుగా ఉన్న అన్నం వచ్చింది. రిసోట్టో అట. కమల ఒక చెంచా తింది. ఇంకో చెంచా తింది. మూడో చెంచాకు కళ్లు మూసుకుంది.

అప్పుడు కైలాసం చెయ్యి చాపి, ఆమె పళ్లెంలోంచి ఒక మెతుకు తీసి నలిపాడు. నడుమ తెల్లటి చుక్క ఉంది.

ఇక ఆగలేదు. వెయిటర్‌ను పిలిచి, వచ్చిన హిందీలో దులిపేశాడు. నలభై ఏళ్లుగా బియ్యం పనిలో ఉన్నాననీ, జబ్బు మనిషికి ఉడకని అన్నం పెడతారా అనీ గొంతు పెంచేసరికి, హోటలంతా తిరిగి చూసింది.

"జర ఆగుండ్రి, నేను తింట," అంది కమల.

"అరగది. కడుపుల నొస్తది. లే," అని రెక్క పట్టుకుని లేపాడు.

ప్రేమతోనే లేపాడు. దరిద్రమంతా అక్కడే ఉంది, ప్రేమతోనే లేపాడు. తలుపు దాకా వచ్చాక కమల ఒకసారి వెనక్కి తిరిగి బల్ల మీది పళ్లెం వంక చూసింది. మరునాడు మిల్లులో లారీల పంచాయితీ ఏదో వస్తే ఆయన ఒక్కరోజు మిర్యాలగూడ పోయివచ్చాడు. రెండు నెలలకు కమల ఇంట్లోనే కన్నుమూసింది. చివరిదాకా ఆయన దగ్గర ఆ హోటల్ మాట ఎత్తలేదు.

కర్మలన్నీ అయ్యాక కైలాసం మిల్లుకు పోయి, అలవాటుగా నాలుగు గింజలు నోట్లో వేసుకున్నాడు. కొరికితే గింజ విరిగిన చప్పుడు రాలేదు. దాని బదులు పింగాణీ పళ్లెం మీద చెంచా పెట్టిన చప్పుడు వినిపించింది. ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. హమాలీలు బస్తాలు మోస్తున్నారు, బాయిలర్ ఆవిరి కక్కుతోంది. ఇంకో గింజ కొరికాడు. మళ్లీ అదే చప్పుడు, సన్నగా, చెవి పక్కనే, ఎవరో తింటూ తింటూ ఆపేసి చెంచా కింద పెట్టినట్టు. ఆ రోజుతో ఆయన గింజ కొరకడం మానేశాడు. పళ్లు కదులుతున్నాయని అందరితో చెప్పాడు. విష్ణువర్ధన్ తేమ మిషన్ కొన్నాడు.

ఇంట్లో ఇంకా కష్టమైంది. కంచం ముందు కూర్చుంటే వంటింటి గుమ్మం మీద చెయ్యి కనిపించేది. మనిషి కాదు, చెయ్యి మాత్రమే. రెండు గాజులూ, పసుపు అంటిన వేళ్లూ. సింధు వడ్డించి అవతలికి పోయాక కూడా ఉండేది. తలెత్తితే ఉండేది కాదు. తలదించుకుంటే కంటికొసన మళ్లీ ఉండేది. "పోయి తినరాదు," అని ఒకటిరెండుసార్లు పైకే అన్నాడు. చెయ్యి కదల్లేదు. అప్పుడాయనకు ఒక్కటే తట్టింది. ఆ ఆకుపచ్చ తలుపు హోటల్‌కు పోవాలి. అదే బల్ల దగ్గర కూర్చుని, ఎదురు కుర్చీ ముందు అదే అన్నం పెట్టించి, తిను కమలా, నేనేమీ అనను అని చెప్పాలి. ఆ మాట చెబితే తప్ప ఆ చెయ్యి దిగదు.

హోటల్ పేరు తెలియదు. వీధి తెలియదు. కోడల్ని పిలిచాడు.

"సింధూ, ఫోన్ల జర సూడు బిడ్డా. చెన్నైల మంచి ఇటాలియన్ హోటళ్లు ఏడేడున్నయో రాసియ్యి."

సింధు ఆయన ముఖంలోకి ఒక క్షణం అదోలా చూసింది. "ఇటాలియన్ హోటళ్లా? మీకెందుకు మామయ్యా?"

"బియ్యం సాంపిల్ సూపియ్యాలె. గా హోటళ్లోళ్లు మన బియ్యం కొంటరట."

పచ్చి అబద్ధం. ఆమె రెట్టించలేదు. రెండు రోజులు తీసుకుని, ఇరవై రెండు పేర్లు తెలుగు అక్షరాల్లో రాసి, ఏ స్టేషన్లో దిగాలో, అక్కడి నుంచి ఎటు పోవాలో వివరంగా పెట్టి ఇచ్చింది.

సాయంత్రం మిర్యాలగూడలో రైలెక్కితే తెల్లారేసరికి చెన్నై. సంచీలో పేరుకు మాత్రం ఒక బియ్యం పొట్లం, జేబులో ఆ కాగితం. మూడేళ్లలో ఆరుసార్లు పోయాడు. ఎక్కడ చూసినా ఎర్రగళ్ల గుడ్డలే. ఇటలీవాళ్లంతా ఒకే దుకాణంలో బల్లగుడ్డలు కొన్నారేమో అనిపించేది. ఒకచోట నిమ్మచెట్టుంటే తలుపు నీలం. ఇంకోచోట తలుపు ఆకుపచ్చదైతే లోపల అంతా గాజు, మెట్లు, లిఫ్టు. పోయిన ప్రతిచోటా రెండు పళ్లాలు చెప్పేవాడు. ఒకటి తన ముందు, ఒకటి ఎదురు కుర్చీ ముందు. తనది మెతుకు మిగలకుండా తినేవాడు. ఎదుటిది చల్లారి, గట్టిపడి, అంచుల్లో ఎండిపోయేదాకా చూసేవాడు. "ఇంకెవరైనా వస్తారా సార్?" అని వెయిటర్లు అడిగితే, "వస్తది" అనేవాడు.

నవ్వొచ్చే సంగతేమిటంటే, చెన్నైలో మంచి ఇటాలియన్ అన్నం ఎక్కడ దొరుకుతుందో ఆయనంత బాగా తెలిసినవాడు నల్లగొండ, సూర్యాపేట జిల్లాల్లో ఇంకొకడు ఉండడు. సముద్రం ఒడ్డునున్న చిన్న హోటల్లో వెన్న తక్కువ, రుచి ఎక్కువ. పెద్ద మాల్‌లో ఉన్నదాంట్లో అన్నం ముద్ద. తీర్పు నాలుక చివరిదాకా వచ్చేది, మింగేసేవాడు. ఇక ఎవరిమీదా తీర్పు చెప్పనని ఒట్టు పెట్టుకున్నాడు మరి.

ఒకచోట కాశీరాం అనే ఉత్తరాది వంటమనిషి, రెండో పళ్లెం ముట్టకుండా ఎందుకు తిరిగొచ్చిందో కనుక్కుందామని బయటికొచ్చాడు. కైలాసం ఒక మెతుకు నలిపి చూపించి, "ఇది ఉడకనట్టు కాదా?" అని హిందీలో అడిగాడు. కాశీరాం నవ్వాడు. "ఆ చుక్క ఉంటేనే ఉడికినట్టు సార్. చుక్క పోయిందంటే మేం పారబోస్తాం," అన్నాడు.

అంటే ఆ రోజు అన్నంలో ఏ తప్పూ లేదు. కమల నాలుక సరిగ్గానే చెప్పింది, తప్పు చెప్పింది తన వేళ్లు. కైలాసం ఆ మెతుకును వేళ్ల మధ్య అలాగే పట్టుకుని కూర్చున్నాడు. కాశీరాం మంచినీళ్లు తెచ్చిచ్చి, భుజం మీద చెయ్యి వేసి, ఏమైందని అడిగాడు.

ఇరవై రెండో హోటల్ కూడా చూసి వచ్చిన రోజు పొద్దున్న, సింధు పెట్టిన టిఫిన్ ముట్టకుండా కూర్చున్నాడు.

"అయిపోయినయి బిడ్డా. అది లేదు. ఎత్తేసిండ్రు కావచ్చు," అన్నాడు.

"ఏది మామయ్యా?"

అప్పుడు చెప్పాడు. వాన, ఆకుపచ్చ తలుపు, మూడు చెంచాలు, రెక్క పట్టి లేపడం, గుమ్మం మీది చెయ్యి, అన్నీ. ఎవరికైనా చెప్పడం అదే మొదలు. సింధు వింటూ వింటూ గోడకు జారగిలబడి కింద కూర్చుండిపోయింది.

"ఎత్తెయ్యలేదు మామయ్యా. ఉంది. నేనే రాయలేదు," అంది.

కైలాసానికి అర్థం కాలేదు.

"మీరు మిర్యాలగూడ వచ్చిన రోజు అత్తయ్య బొడ్లోంచి ఒక కాగితం తీసింది. హోటళ్లలో చేతులు తుడుచుకునే కాగితం. దాని మీద పేరూ అడ్రసూ ఉన్నాయి. 'నన్ను జర గీడికి తీస్కపో బిడ్డా' అంది. తీసుకుపోయాను. అదే అన్నం తెప్పించుకుంది. నాతో ఒట్టు వేయించుకుంది. 'మీ మామకు చెప్పకు, ఆయన ఉడకలేదన్నడు గద, నాకు నచ్చిందంటే సిన్నబోతడు' అని. మీరు హోటళ్ల పేర్లడిగేసరికి నాకు గుండె ఆగినంత పనైంది. మీకు అనుమానం వచ్చిందనుకున్నా. ఒట్టు తప్పకూడదని ఆ ఒక్కటీ వదిలేశా. వేయించుకున్న మనిషి పోయింది, ఇక ఆ ఒట్టు ఎవరు తీస్తారు మామయ్యా?"

"తిన్నదా?" అన్నాడు కైలాసం. "మొత్తం తిన్నదా?"

"మొత్తం. చెంచాతో గీకి మరీ తింది."

ఆయన అక్కడే, కోడలి ముందే, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. మూడేళ్లలో మొదటిసారి ఏడుపు హాయిగా వచ్చింది. సింధు లేచి, ఫోన్‌లో వెతికి ఒక ఫొటో చూపించింది. కమల. చేతిలో చెంచా, బుగ్గలో అన్నం, పెదవి కొసన వెన్న. తింటున్న కమలను ఆయన చూసింది ఆ వాన రోజు మూడు చెంచాలసేపే. మళ్లీ ఇప్పుడే. ఎంత బాగుంది! కానీ కళ్లు ఫోన్ వైపు లేవు. ఎటో పక్కకు తిరిగి ఉన్నాయి.

"ఏడికి సూస్తుంది?" అని అడిగాడు.

సింధు ఫోన్ వెనక్కి తీసుకోబోయింది. మళ్లీ అడిగితే చెప్పింది. "తలుపు వైపు. తిన్నంతసేపూ అటే చూసింది మామయ్యా. మీరు ఊళ్లో లేరని చెప్పినా, 'మీ మామ రాడు గద' అని రెండుసార్లు అడిగింది."

పది రోజులకు సింధే ఆయనను చెన్నై తీసుకుపోయింది.

మిట్టమధ్యాహ్నం. ఆకుపచ్చ తలుపు అలాగే ఉంది. కుండీలో నిమ్మచెట్టు నడుమెత్తు పెరిగింది. లోపల కిటికీ పక్కన ఆ బల్ల కూడా కనిపిస్తోంది, ఖాళీగా. సింధు తలుపు తెరిచి పట్టుకుంది. "రండి మామయ్యా."

కైలాసం కదల్లేదు. మూడేళ్లు వెతికిన తలుపు ముందు నిలబడి తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు పో బిడ్డా. ఆ బల్ల కాడ కూసోని తిను. ఎదురుంగ ఒక పళ్లెం పెట్టియ్యి."

"మరి మీరు?"

"నేనొస్తే చెంచా కింద పెడ్తది."

సింధు లోపలికి పోయింది. తలుపు మూసుకుంది. కైలాసం లోపలివాళ్లకు కనబడకుండా గుమ్మం పక్కకు, నిమ్మచెట్టు దగ్గరికి జరిగి, రోడ్డు వైపు ముఖం తిప్పుకున్నాడు. ఎండ నెత్తిన ఉంది. లోపల పళ్లెం ఖాళీ అయ్యేదాకా ఆయన అక్కడే, గుమ్మానికి చెయ్యి ఆనించి నిలబడ్డాడు.